క్యూబు పాసైతే స్లాబ్ పాసైనట్టేనా? గైడ్ల నుంచి చాట్‌జీపీటీ దాకా ఒక చరిత్ర

పోయిన ఎపిసోడ్ విన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పిల్లల చదువులు, చాట్‌జీపీటీ గురించి చివర్లో మొదలుపెట్టి, టైం అయిపోయిందని సగంలో ఆపేశాను. ఆ మిగిలిన మాట ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. డ్యూటీ దిగి, తిని, తీరిగ్గా కూర్చున్నాక చదవండి.

ఈ విషయం నేను పట్టుకోవడానికి కారణం మా సైట్‌లో పనిచేసే ఒక స్టీల్ ఫిక్సర్ అన్న. జగిత్యాల వైపు మనిషి. గల్ఫ్‌కు వచ్చి 18 ఏళ్లయింది. ఊళ్లో ఉన్న కొద్ది భూమి మీద అప్పు తెచ్చి కొడుకును ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ పంపించాడు. ఒకరోజు లంచ్ టైంలో ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మొహంలో రక్తం లేదు.

"సార్, పిలగానికి కాలేజోళ్లు లెటర్ పంపిండ్రట. అసైన్‌మెంటు కంప్యూటర్‌తోని రాయించినవ్, మీటింగుకు రా అంటున్నరట. ఇది దొంగతనం కిందికి వస్తదా? ఇంటికి పంపిస్తరా?"

నాకు వెంటనే జవాబు చెప్పడం చేతకాలేదు. నేను చదివింది ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. యూనివర్సిటీ మెట్లు ఎక్కినవాణ్ని కాదు. కానీ ఆ అన్న మొహం చూశాక ఊరికే ఉండలేకపోయాను. ఆ రాత్రి నుంచి దొరికింది దొరికినట్టు చదివాను. తెలిసిందేమిటంటే, ఈ గొడవ చాట్‌జీపీటీతో మొదలైంది కాదు. దీని వెనక చాలా పాత కథ ఉంది.

ముందు క్యూబు సంగతి

మనలో కాంక్రీట్ పనిలో ఉన్నవాళ్లందరికీ క్యూబ్ టెస్ట్ తెలుసు. స్లాబ్ పోసే రోజు, వచ్చిన కాంక్రీట్‌లోంచే కొంచెం తీసి 150 మిల్లీమీటర్ల అచ్చుల్లో నింపుతాం. నీళ్లలో పెట్టి, 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని ల్యాబ్‌లో మిషన్ కింద పగలగొడతారు. ఆ క్యూబును బిల్డింగ్‌లో ఎక్కడా వాడం. పగలగొట్టడానికే దాన్ని పోస్తాం. అది ఎంత లోడ్ దగ్గర పగిలిందో చూసి, పైన పోసిన కాంక్రీట్ ఎంత గట్టిదో అంచనా వేస్తాం.

ఎవరో తెలివిగా క్యూబుల కోసమే పక్కన సిమెంట్ ఎక్కువేసి వేరే మాల్ కలిపారనుకోండి. క్యూబు పాస్ అవుతుంది. కాగితాల మీద అంతా బాగానే ఉంటుంది. పైన స్లాబ్ ఎట్లా ఉందో మాత్రం ఎవరికీ తెలియదు. కింద తిరిగే మనిషికి అసలే తెలియదు.

కాలేజీలో ఇచ్చే అసైన్‌మెంట్ కూడా ఆ క్యూబు లాంటిదే. మీ అబ్బాయి రాసిన ఐదు పేజీల వ్యాసం లోకానికి కావాలని ఎవరూ అడగరు. లెక్చరర్ చదివి, మార్కులేసి పక్కన పెడతాడు. పిల్లవాడి తలలో ఏం గట్టిపడిందో తెలుసుకోవడానికే అది రాయిస్తారు. రాస్తూ ఉండగా కొంత గట్టిపడుతుంది కూడా. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతా చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

ఉత్తరాలు రాసిపెట్టిన రోజులు

ఇంకొకరితో రాయించుకోవడం అంటేనే తప్పు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మా చిన్నాయన 1980లలో గల్ఫ్‌కు వచ్చాడు. ఆయనకు సంతకం చేయడం తప్ప రాయడం రాదు. ఇంటికి వచ్చే ఉత్తరాలు రూంలోని వేరేవాళ్ల చేతిరాతలో ఉండేవి. ఒక నెల గుండ్రటి అక్షరాలు, ఇంకో నెల కోడి గీకినట్టు. చిన్నమ్మకు చదివి వినిపించేది నేను. ఎవరు రాసినా మాట మాత్రం చిన్నాయనదే. బర్రె ఈనిందా, బాయికాడ మోటరు నడుస్తుందా, పిల్లకు జ్వరం తగ్గిందా. ఆయన చెప్తే ఇంకొకరు రాశారు. దాన్ని ఎవరూ మోసం అనలేదు.

ఎందుకంటే ఆ ఉత్తరం పని కబురు చేరవేయడం. కబురు చేరింది, పని అయిపోయింది. చిన్నాయనకు రాయడం వచ్చో రాదో తేల్చడానికి దాన్ని ఎవరూ అడగలేదు. అదే మనిషి కూర్చుని చిన్నాయన బదులు డ్రైవింగ్ లైసెన్స్ టెస్ట్ రాస్తే? అది వేరే సంగతి. రెండు చోట్లా చేయి ఇంకొకరిదే. కానీ రెండో దాంట్లో కొలిచేది చిన్నాయనను.

అందుకే "యంత్రంతో రాయించాడా లేదా" అనే ప్రశ్న ఒక్కటే అడిగితే సరిపోదు. "ఆ రాత ఎందుకోసం" అన్నది ముందు అడగాలి.

1857, పరీక్షలు, గైడ్లు

మన దేశంలో ఈ కొలత కథ 1857లో మొదలైందని చెప్పుకోవచ్చు. ఆ ఏడాది కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మూడు యూనివర్సిటీలు పెట్టారు. లండన్ యూనివర్సిటీ నమూనా తీసుకున్నారు. మొదట్లో అవి పాఠాలు చెప్పేవి కావు. పాఠాలు కాలేజీల్లో జరిగేవి, యూనివర్సిటీ పని పరీక్ష పెట్టి డిగ్రీ ఇవ్వడం. కోస్తా, రాయలసీమ కాలేజీలు మద్రాసు కిందే ఉండేవి. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ వచ్చేదాకా అట్లాగే నడిచింది.

డిగ్రీ ఉంటే సర్కారు ఉద్యోగం. డిగ్రీ కావాలంటే పరీక్ష. ఇక పిల్లలు పుస్తకం చదవడం మానేసి, పరీక్షలో ఏమొస్తుందో అది బట్టీ పట్టడం మొదలుపెట్టారు. 1902లో లార్డ్ కర్జన్ కాలంలో యూనివర్సిటీల మీద ఒక కమిషన్ వేశారు. సర్ థామస్ రాలీ దానికి పెద్ద. ఆ కమిషన్ తన రిపోర్టులో చెప్పిన పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, చదువు కోసం పరీక్ష ఉండాల్సింది పోయి పరీక్ష కోసం చదువు నడుస్తోందని. 120 ఏళ్ల కింద చెప్పిన మాట ఇది. మన నాన్నల కాలంలో గైడ్లు, మన కాలంలో క్వశ్చన్ బ్యాంకులు, జిరాక్స్ షాపుల్లో దొరికే మైక్రో కాపీలు, ఎవరిదో ప్రాజెక్ట్ రిపోర్టు కొని పేరు మార్చి బైండింగ్ చేయించుకోవడం, అన్నీ ఆ దారిలో వచ్చినవే.

అంటే చాట్‌బాట్ రాకముందే మన దగ్గర క్యూబుకు వేరే మాల్ కలపడం ఉంది. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, "ఇప్పటి పిల్లలు చెడిపోయారు" అని తిట్టే ముందు మన చేతులు కూడా ఒకసారి చూసుకోవాలి.

కాలిక్యులేటర్ వచ్చినప్పుడు

1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ హెచ్‌పీ-35 అనే కాలిక్యులేటర్ తెచ్చింది. ధర 395 డాలర్లు. చొక్కా జేబులో పట్టేంత సైజు. సైన్, కాస్, లాగ్ అన్నీ చేసేది. అప్పటిదాకా ఇంజనీర్ల చేతిలో స్లయిడ్ రూల్ ఉండేది. కొద్ది ఏళ్లలోనే ఆ స్లయిడ్ రూల్ మూలన పడింది. కాలిక్యులేటర్ల ధరలు పడిపోయి బడి పిల్లల చేతికీ వచ్చాయి.

అప్పుడు కూడా ఇదే గొడవ. పిల్లలకు ఎక్కాలు రావు, తలలు మొద్దుబారతాయి అని ఒక పక్క. ఎట్లాగూ బయట వాడతారు, వాడడం నేర్పాలని ఇంకో పక్క. ఇంగ్లండ్‌లో 1982లో వచ్చిన కాక్‌క్రాఫ్ట్ రిపోర్టు బడిలో కాలిక్యులేటర్‌ను వాడనివ్వమనే చెప్పింది. అమెరికాలో శాట్ పరీక్షకు కాలిక్యులేటర్ తెచ్చుకోనిచ్చింది 1994లో. అంటే హెచ్‌పీ-35 వచ్చాక 22 ఏళ్లు పట్టింది.

చివరికి దొరికిన దారి ఏమిటి? పూర్తిగా బంద్ పెట్టలేదు, పూర్తిగా వదిలేయలేదు. కొలతను రెండు ముక్కలు చేశారు. ఇంగ్లండ్ పిల్లలు రాసే జీసీఎస్ఈ లెక్కల పరీక్షలో ఇప్పుడు మూడు పేపర్లు ఉంటాయి. ఒకటి కాలిక్యులేటర్ లేకుండా, రెండు కాలిక్యులేటర్‌తో. మన దగ్గర జేఈఈలో కాలిక్యులేటర్ ముట్టుకోనివ్వరు. గేట్ పరీక్షలో స్క్రీన్ మీద వాళ్లే ఒకటి ఇస్తారు. చేతి లెక్క ఎక్కడ చూడాలి, పనిముట్టుతో పని ఎక్కడ చూడాలి అనేది పరీక్ష పెట్టేవాళ్లు ముందే తేల్చి చెప్తారు. రాసేవాడికి కూడా అనుమానం ఉండదు.

సైట్‌లో నేనూ బార్ బెండింగ్ షెడ్యూల్‌కు కంప్యూటర్ వాడతాను. కానీ ఒక కాలమ్‌లో స్టీల్ బరువు చేత్తో సుమారుగా వేయడం రాకపోతే, కంప్యూటర్ ఒక సున్నా ఎక్కువేసినప్పుడు నాకు తెలియదు.

ఒకే తప్పు రాసిన పిల్లలు

తర్వాత వికీపీడియా. 2001 జనవరిలో మొదలైంది. మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో వచ్చింది. పుట్టిన నాలుగైదేళ్లలోనే అమెరికా కాలేజీ పిల్లలకు అది మొదటి దిక్కు అయింది.

2007లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మిడిల్‌బరీ అనే కాలేజీలో ఒక సంగతి జరిగింది. జపాన్ చరిత్ర చెప్పే ప్రొఫెసర్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. 1637లో జపాన్‌లో షిమబారా అనే చోట రైతులు, క్రైస్తవులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు జెస్యూట్ పాదిరీలు సాయం చేశారని కొందరు పిల్లలు రాశారు. అది తప్పు. అంతమంది ఒకే తప్పు ఎట్లా రాశారని వెతికితే, అది వికీపీడియా పేజీలో ఉంది.

ఆ కాలేజీ చరిత్ర విభాగం ఏం చేసిందో చూడండి. వికీపీడియా చూడొద్దు అనలేదు. చూసుకోండి, కానీ మీ పేపర్లో ఆధారంగా చూపించకూడదు, రాసినదానికి బాధ్యత మీదే అని తీర్మానం చేసింది. వికీపీడియా నడిపేవాళ్లు కూడా అది సరైన మాటే అన్నారు. విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టడానికి, అక్కడితో ఆగిపోవడానికి కాదని వాళ్ల మాట కూడా. చాట్‌బాట్‌కు ఈరోజు పెడుతున్న చాలా నియమాలకు మూలం ఇక్కడే కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే కాపీని పట్టే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. టర్నిటిన్ అనే పేరు మన పిల్లల నోట విని ఉంటారు. 1990ల చివర్లో అమెరికాలో మొదలైంది. ఇచ్చిన పేపర్‌ను ఇంటర్నెట్‌తో, పాత పేపర్లతో పోల్చి ఎంత కలిసిందో శాతం చెప్తుంది. మన యూజీసీ 2018లో దీని మీద నిబంధనలు తెచ్చింది. 10 శాతం దాకా కలిస్తే శిక్ష లేదు, ఆ పైన 40, 60 శాతాల దగ్గర మెట్లు పెట్టి శిక్షలు పెంచారు. 60 శాతం దాటితే థీసిస్ రాసే మనిషి రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్క అంతా ఒకే నమ్మకం మీద నిలబడింది. కాపీ కొట్టినవాడి వాక్యం ఇంకెక్కడో దొరుకుతుందని.

2022 నవంబర్ 30

ఆ నమ్మకం ఒక్క రోజులో కూలింది. 2022 నవంబర్ 30న ఓపెన్ఏఐ కంపెనీ చాట్‌జీపీటీని జనానికి ఇచ్చింది. అడిగిన ప్రతిసారీ కొత్త వాక్యం రాస్తుంది. అది ఇంకెక్కడా ఉండదు కాబట్టి పాత పద్ధతిలో పోలిస్తే దొరకదు.

యంత్రంతో మాట్లాడడం అప్పుడే మొదలైంది కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అనే ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. మనం టైప్ చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అయినా జనం దానికి మనసులో మాటలు చెప్పుకున్నారు. అది చూసి తయారుచేసిన ఆయనే భయపడ్డాడు. 1976లో ఏకంగా పుస్తకం రాసి, యంత్రానికి ఏ పని అప్పజెప్పకూడదో ఆలోచించమన్నాడు. ఎదుటి నుంచి చక్కటి వాక్యం వస్తే దాని వెనక తెలివి ఉందని నమ్మేయడం మన అందరికీ ఉన్న బలహీనత.

చాట్‌జీపీటీ లాంటివి ఎట్లా పనిచేస్తాయో మోటుగా చెప్తాను. లెక్కలేనంత రాత చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో దానికి అలవాటు చేశారు. అది నిజమా అబద్ధమా అని చూసి రాసేది కాదు. నమ్మేట్టుగా ఉందా అన్నట్టు రాస్తుంది. పుస్తకం పేరు అడిగితే పుస్తకం పేరులా కనిపించేది ఇస్తుంది. ఆ పుస్తకం ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

దీనికి పెద్ద ఉదాహరణ న్యూయార్క్ కోర్టులో దొరికింది. ఒక విమాన ప్రయాణికుడి కేసులో లాయర్లు ఇచ్చిన కాగితంలో ఆరు పాత తీర్పులు చూపించారు. ఆ ఆరూ లేవు. చాట్‌జీపీటీ పుట్టించింది. "ఇవి నిజమైన కేసులేనా" అని లాయరు దాన్నే అడిగాడు, నిజమే అని అది చెప్పింది. 2023 జూన్‌లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. సాయం తీసుకోవడం తప్పని జడ్జి అనలేదు. సంతకం పెట్టే ముందు సరిచూసుకోవాల్సింది లాయరే అన్నాడు.

నాకూ ఒకసారి అయింది. కన్సల్టెంట్‌కు ఇంగ్లీషులో మెయిల్ రాయాలంటే నేను చాట్‌బాట్ సాయం తీసుకుంటాను, దాచేదేమీ లేదు. ఒకరోజు వాటర్‌ప్రూఫింగ్ గురించి రాయమంటే, మేం చేయని టెస్ట్ ఒకటి చేసి పాసైనట్టు ఒక వాక్యం కలిపింది. ఇంగ్లీషు ఎంత బాగుందంటే నా కళ్లు దాని మీంచి జారిపోయాయి. రెండోసారి చదివాను కాబట్టి తీసేశాను. లేకపోతే కింద నా పేరే ఉండేది.

పట్టే మిషన్లు ఎంత నిజం

కాలేజీలు ముందు భయపడ్డాయి. 2023 జనవరిలో న్యూయార్క్ నగర ప్రభుత్వ బడుల్లో చాట్‌జీపీటీని బ్లాక్ చేశారు. మే నెలకల్లా తొందరపడ్డామని ఒప్పుకుని తీసేశారు. తర్వాత పట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఒకటి వదిలింది. వాళ్ల సొంత లెక్క ప్రకారమే అది యంత్రం రాసినదాంట్లో 26 శాతాన్నే పట్టింది. మనిషి రాసినదాంట్లో 9 శాతాన్ని యంత్రం రాసిందని చెప్పింది. నమ్మదగ్గట్టు లేదని జూలైలో తీసేసుకున్నారు.

మనకు ముఖ్యమైంది తర్వాతిది. 2023లోనే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల పట్టే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఇంగ్లీషు సొంత భాష కాని వాళ్లు టోఫెల్ పరీక్షకు తామే రాసిన 91 వ్యాసాలు వేశారు. సగటున 61 శాతం యంత్రం రాసిందని వచ్చింది. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గానే చెప్పాయి. కారణం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్లు తర్వాత వచ్చే మాటను ఎంత సులువుగా ఊహించవచ్చో చూస్తాయి. మనలాంటి వాళ్లకు వచ్చిన మాటలు తక్కువ, నేర్చుకున్న వాక్యాలు ఒకే తీరు. అందుకని మన రాత యంత్రం రాతలా కనిపిస్తుంది. ఇంకా విచిత్రం, అవే వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి పెద్ద పెద్ద మాటలు వేయించాక, అనుమానం బాగా తగ్గిపోయింది.

అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో టర్నిటిన్‌లోని ఈ పట్టే పనిని ఆపేసింది. వాళ్ల లెక్క చాలా సాదా. 2022లో తమ పిల్లలు ఇచ్చిన పేపర్లు 75,000. కంపెనీ చెప్పినట్టు తప్పు 1 శాతమే అనుకున్నా, సుమారు 750 పేపర్ల మీద తప్పుడు మచ్చ పడేది.

మన పనిలో రీబౌండ్ హామర్ ఉంటుంది కదా. గోడకు ఆనించి కొడితే నంబర్ చూపిస్తుంది. అది చూసి అనుమానం రావచ్చు గానీ, దాన్ని బట్టి బిల్డింగ్ కూల్చరు. కోర్ తీసి ల్యాబ్‌కు పంపి అప్పుడు మాట్లాడతారు. చదువులో కోర్ తీయడం అంటే పిల్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడగడం.

ఆ పిల్లవాడికి ఫోన్ చేశాను

ఈ స్టాన్‌ఫర్డ్ లెక్క చదివాక నాకు ధైర్యం వచ్చింది. మన పిల్లవాడి ఇంగ్లీషు చూసి మిషన్ తప్పు చెప్పి ఉంటుంది, గట్టిగా వాదించొచ్చు అనుకున్నాను. రాత్రి ఆ అన్నను పక్కన పెట్టుకుని ఫోన్ చేశాను.

"రాసింది నువ్వేనా?"

"నేనే అంకుల్. లెక్కలన్నీ నావే. ఫొటోలు కూడా నేనే తీసిన."

"చివర పుస్తకాల పట్టిక ఉంటది కదా. అవన్నీ చూసినవా?"

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "ఒక మూడు దొరకలే అంకుల్. చాట్‌జీపీటీ ఇచ్చింది. టైం లేక అట్లనే పెట్టిన."

అన్న తల వంచుకున్నాడు. నేను వాదించడానికి పోగుచేసుకున్నదంతా అక్కడితో అయిపోయింది. పిల్లవాడు రాత్రిపూట ఒక గోదాములో పనిచేస్తూ చదువుతున్నాడు. లెక్క నిజంగా అతనిదే. ముందు భాగం, వేరేవాళ్లు ఏం రాశారో చెప్పే భాగం, అతనిది కాదు. మీటింగులో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ఏది నువ్వు చేశావో, ఏది దానితో చేయించావో విడదీసి చెప్పు, పాత డ్రాఫ్టులు, నోట్సు ఉంటే తీసుకెళ్లు అన్నాను.

చెప్పాడు. లెక్కల గురించి అడిగితే నిలబడి జవాబు ఇచ్చాడు. ఆ మూడు పుస్తకాల గురించి అడిగితే తప్పు ఒప్పుకున్నాడు. ఆ అసైన్‌మెంట్‌కు సున్నా వేశారు. ఇంకోసారి రాయనిచ్చారు, పాస్ మార్కులకు మించి రావు. ఇంటికి పంపలేదు. ఆ వార్త విన్న రోజు అన్న సైట్‌లో అందరికీ చాయ్ తాగించాడు గానీ, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

సాయమా, ఊతకర్రా

మరి పూర్తిగా మానేయమని చెప్పాలా? దీనికి జవాబు దగ్గరగా ఉన్న ఒక పరిశోధన టర్కీలో జరిగింది. వ్యాసాల మీద కాదు, లెక్కల మీద. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు ఒక హైస్కూల్లో దాదాపు 1,000 మంది పిల్లలతో చేశారు. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి జవాబు చెప్పకుండా దారి మాత్రం చూపించే చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి పుస్తకాలే. ప్రాక్టీస్ చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ పిల్లలు పుస్తకాల పిల్లల కంటే 48 శాతం మెరుగు, దారి చూపించే దానితో 127 శాతం మెరుగు. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లకు పుస్తకాల పిల్లల కంటే 17 శాతం తక్కువ వచ్చింది. దారి చూపించే దానితో చదివినవాళ్లకు ఆ నష్టం జరగలేదు.

సెంట్రింగ్ విప్పాక స్లాబ్ నిలబడుతుందా అనేదే అసలు పరీక్ష. సపోర్టు పెట్టడం తప్పు కాదు. సపోర్టు మీదే స్లాబ్ ఉందని మర్చిపోవడం తప్పు.

పెద్ద సంస్థలు కూడా మెల్లగా ఇక్కడికే వచ్చాయి. 2023 జనవరిలో నేచర్ అనే సైన్సు పత్రిక, చాట్‌బాట్ పేరును రచయితగా వేయం, వాడితే వాడామని పేపర్లో చెప్పాలి అని నియమం పెట్టింది. కారణం, అది బాధ్యత తీసుకోలేదు. 2023 జూలైలో బ్రిటన్‌లో రస్సెల్ గ్రూప్ అనే 24 యూనివర్సిటీలు, పిల్లలకు దీన్ని సరిగ్గా వాడడం నేర్పుతామని ఒక మాట మీదికి వచ్చాయి. మనం ఉన్న గల్ఫ్‌లో యూఏఈ సర్కారు బడుల్లో 2025-26 నుంచి చిన్న తరగతుల నుంచే ఏఐని పాఠంగా పెట్టారు. కాలిక్యులేటర్‌కు 20 ఏళ్లు పట్టిన దారి ఇప్పుడు రెండు మూడేళ్లలో నడుస్తున్నారు.

ఫోన్లో ఏం అడగాలి

మనం ఇక్కడ, పిల్లలు అక్కడ. వాళ్ల పక్కన కూర్చుని చూడలేం. మనలో చాలామందికి వాళ్లు చదివే సబ్జెక్టు పేరు కూడా సరిగ్గా తెలియదు. అయినా అడగగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, "మీ సార్ దీనికి ఏం రూల్ పెట్టిండు" అని అడగండి. ఒక సబ్జెక్టులో వాడొచ్చు, ఇంకోదాంట్లో వాడకూడదు. తెలియదంటే ముందు అది కనుక్కోమనండి. వాడనిచ్చిన చోట కూడా, ఎక్కడ వాడావో రాసి ఇవ్వమనండి.

రెండు, తప్పులు దిద్దించుకో, అర్థం కానిది తెలుగులో చెప్పించుకో, "నా రాతలో లోపం ఎక్కడుంది" అని అడుగు, కానీ మొదటి రాత నీదే ఉండాలి అని చెప్పండి. ఆ మొదటి డ్రాఫ్టు దాచిపెట్టమనండి. మిషన్ తప్పుగా పట్టిన రోజు అదే సాక్ష్యం.

మూడు, అది చెప్పిన ప్రతి పుస్తకం, ప్రతి అంకె స్వయంగా వెతికి చూడమనండి. దొరకనిది తీసేయమనండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. "ఏం రాసినవో నాకు చెప్పురా" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు. చదువురాని నాన్నకు అర్థమయ్యేట్టు ఐదు నిమిషాలు చెప్పగలిగాడంటే, అది అతని తలలో గట్టిపడినట్టే. చెప్పలేక "అది నీకు తెల్వదు లే నాన్నా" అన్నాడంటే కొంచెం ఆలోచించండి.

మన స్టీల్ ఫిక్సర్ అన్న ఇప్పుడు ప్రతి సెలవు రోజు అదే చేస్తున్నాడు. మొన్న కొడుకు రెండోసారి రాసిన అసైన్‌మెంట్ గురించి అరగంట విన్నాడట. కాంక్రీట్‌లో ఫ్లైయాష్ కలిపితే ఏమవుతుందో అందులో ఉంది. "సార్, గది మన సైట్ల రోజూ కలిపేదే కదా! నేనే రెండు ముక్కలు ఎక్కువ చెప్పిన" అని నవ్వాడు. ఆ ముక్కలు కొడుకు రాసుకున్నాడట.

మీ ఇంట్లో పిల్లలు దీన్ని ఎట్లా వాడుతున్నారో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడుకుందాం. జాగ్రత్తగా ఉండండి, ఎండలో నీళ్లు ఎక్కువ తాగండి. ఉంటాను.